కుక్కర్ పట్టుకున్న ఆడపడుచు

15 జూన్ 2008, ఆదివారం

నేను ఎన్నికల్లో నిలబడుతున్నానట. ఆ సంగతి నాకు చర్చిలో తెలిసింది. పాస్టర్‌గారు ప్రార్థనలో వానల కోసం అడిగారు, రోగుల కోసం అడిగారు, ఆ తర్వాత "మన సహోదరి రూబీ పోటీ చేయబోయే వార్డు ఎన్నికను కూడా జ్ఞాపకం చేసుకో తండ్రీ" అన్నారు. మూసుకున్న కళ్ళు తెరిచాను. పక్కనున్న దానమ్మ పిన్ని మోచేత్తో పొడిచి, "నాతో ఒక్క మాటైనా చెప్పలేదేమే" అంది. నాకు మాత్రం ఎవరు చెప్పారు? మగవాళ్ళ వరసలోంచి మా ఆయన ఆమెన్ అందరికంటే గట్టిగా వినబడింది.

ఇంటికొచ్చి నిలదీశాను. మా వార్డు కౌన్సిలరుకు గవర్నమెంటు టీచరు ఉద్యోగం వచ్చి రాజీనామా చేసింది కదా, ఆ ఖాళీకి ఉప ఎన్నిక పెట్టారు. వార్డు ఆడవాళ్ళకు రిజర్వు. లేకపోతే ఆయనే నిలబడేవారు. తెనాలిలో ఎన్నో ఏళ్ళుగా షామియానా సప్లై చేస్తున్నారు. మా వార్డులో పెళ్ళయినా చావయినా చుట్టాలకంటే ముందు చేరేవి ఆయన కుర్చీలే. షామియానా పౌలు అంటే తెలియనివాళ్ళు లేరు. కౌన్సిలర్ కావాలన్న కోరిక ఆయనకు పాతదే.

"నువ్వు నిలబడితే నేను నిలబడ్డట్టే రూబీ. సంతకాలు నువ్వు పెట్టు. తిరిగేది నేను తిరుగుతా."

"మరి మాట్లాడేది?"

"మైకు సెట్టు మనదే కదా."

వద్దని అనాల్సింది. అనలేదు. మా ప్రైవేటు బళ్ళో మూడో తరగతి పిల్లల కాపీ పుస్తకాలు దిద్దాలి, ఇక్కడితో ఆపుతాను.

18 జూన్, బుధవారం

నామినేషన్ వేశాను. అంటే ఆయన వేశారు, నేను పెన్ను పట్టుకున్నాను. ఆఫీసులో సారు నా మొహం ఒకసారి చూసి, ఆయన వైపు తిరిగి "అభ్యర్థి పేరేంటండి?" అని అడిగారు. ఆయన చెప్పారు. "వయసు?" అదీ ఆయనే చెప్పారు, రెండేళ్ళు ఎక్కువ కలిపి. నేను సరిచేశాను. ఇవాళ మొత్తం మీద నేను మాట్లాడింది ఆ ఒక్క ముక్కే.

19 జూన్

మున్సిపాలిటీ నీళ్ళు మళ్ళీ పదకొండింటికి వదిలారు. నేను బళ్ళో ఉన్నాను. బిందెలు ఖాళీ.

27 జూన్, శుక్రవారం

గుర్తు ఇచ్చారు. ప్రెషర్ కుక్కర్. ఆయన టార్చిలైటు మీద ఆశ పెట్టుకున్నారు గానీ అది పర్వీన్‌కు పోయింది. పర్వీన్ అంటే మాకు పోటీగా నిలబడ్డ అమ్మాయి, వాళ్ళ పాప నా క్లాసులోనే చదువుతోంది. పర్వీన్‌నూ వాళ్ళాయన నౌషాదే నిలబెట్టాడు. ఇద్దరం కలిస్తే చెప్పుకోవడానికి చాలా ఉంటుంది, కలవనిస్తే.

సాయంత్రం మా షెడ్డులో కుర్చీలు వేసుకుని ఆయనా, ఆయన స్నేహితులూ హామీలు ఆలోచించారు. మొదటి హామీ, వార్డు మొదట్లో పెద్ద ముఖద్వారం, దాని మీద పేరు. ఎవరి పేరని నేను అడగలేదు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. టీలు ఇస్తూ నీళ్ళ సంగతి ఎత్తాను. పొద్దున ఆరింటికి వదిలితే పనులకెళ్ళే ఆడవాళ్ళకు అందుతాయి, పదకొండింటికి ఇంట్లో ఎవరుంటారు, అన్నాను.

"నీళ్ళు వస్తూనే ఉన్నాయి గదా" అన్నారు ఆయన.

"మీరెప్పుడైనా పట్టారా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. లోపలికి వచ్చి గ్లాసులు కడుగుతుంటే అర్థమైంది, నాకు నిజంగానే ఆ సీటు కావాలి. ఆయన కోసం కాదు. ఆరింటికి నీళ్ళు వదిలించడానికి. ఈ ముక్క ఎవరితోనూ అనను.

1 జూలై, మంగళవారం

పోస్టర్లు వచ్చాయి. "మీ ఇంటి ఆడపడుచు రూబీ పౌలును కుక్కర్ గుర్తుపై గెలిపించండి" అని ఎర్రటి అక్షరాలు. వాటి కింద రెండు చేతులూ జోడించిన ఫోటో, మా ఆయనది, మీసం దువ్వుకుని. ఓ మూల కుక్కర్. నేను లేను.

కాలేషా అడిగాడట. మా బజారులో ఫ్లెక్సీలు, జెరాక్సు, నెట్ సెంటరు అన్నీ అతనివే. "అక్క ఫోటో ఇవ్వలేదేంటన్నా?" అంటే "అక్క మొహం ఎవరికి తెలుసురా, నాదైతే అందరికీ తెలుసు" అన్నారట. "ఆడపడుచు అని రాసి మీ బొమ్మ వేస్తే ఎలా ఉంటదో" అని నసిగితే "నీకెందుకు, వెయ్యి" అన్నారట. ఇదంతా ఆయనే నాకు చెప్పారు, కాలేషా ఎంత తెలివితక్కువవాడో చూడమని.

నాకేమీ బాధగా లేదు. ఫోటోల్లో నేను బాగా పడను.

2 జూలై

నాకేమీ బాధగా లేదు.

4 జూలై, శుక్రవారం

సారా బాపట్ల నుంచి వచ్చింది. అక్కడ హాస్టల్లో ఉండి ఇంజినీరింగు చదువుతోంది, సెలవు దొరికితే వచ్చేస్తుంది. స్టేషన్ నుంచి ఇంటిదాకా గోడల మీద పోస్టర్లు చూసుకుంటూ వచ్చిందట. సంచి కింద పెట్టకుండానే, "నాన్న ఎప్పుడు ఆడపడుచు అయ్యాడమ్మా?" అంది. ఆయన ఇంట్లో లేరు కాబట్టి ఇద్దరం కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వుకున్నాం. కాసేపటికి అది నవ్వడం ఆపి, "నీకు కోపం రాలేదా?" అంది. చారు పొంగుతోందని వంటింట్లోకి వచ్చేశాను. పొయ్యి మీద చారు లేదు.

5 జూలై, శనివారం

సారా ఫోటోల ఆల్బం అడిగింది. మొన్నటి క్రిస్మస్‌కు రేపల్లెలో మా అమ్మగారింట్లో తీసుకున్నవి ఉన్నాయి కదా, అవి. ఫ్రెండ్సుకు చూపిస్తుందట. పొద్దున వెళ్ళి మధ్యాహ్నం దాకా కాలేషా నెట్ సెంటర్లోనే కూర్చుంది. కాలేజీ ప్రాజెక్టట. పాపం, పిల్లల్ని మరీ అరగదీస్తున్నారు ఈ కాలేజీల వాళ్ళు.

7 జూలై, సోమవారం

స్టాఫ్ రూంలో టీచర్లంతా ఒక సెల్‌ఫోన్ చుట్టూ మూగి ఉన్నారు. నేను వెళ్ళగానే ఎవరి కుర్చీలోకి వాళ్ళు జారుకున్నారు. చూపించమన్నాను. చూపించారు.

ఆకుపచ్చ పట్టుచీర, మెరూన్ అంచు, చేతుల నిండా గాజులు, చంకలో కుక్కర్. మెడ పైన మా ఆయన తలకాయ, మీసంతో సహా. కింద అక్షరాలు: "నేనే మీ ఆడపడుచుని. మా ఆవిడ ఇంట్లో ఉంది."

నవ్వకూడదనుకున్నాను. పళ్ళు బిగబట్టుకున్నాను. లాభం లేకపోయింది, ముందు నేనే నవ్వాను, ఆ తర్వాత స్కూలంతా నవ్వింది. ఆర్కుట్ అని కంప్యూటర్‌లో ఒకటుందట, అందులో తెనాలి వాళ్ళంతా చేరిన గుంపు ఒకటుందట. నిన్న అక్కడ ఎవరో ఈ బొమ్మ పెట్టారు. దాన్ని మెయిళ్ళలో పంపుకున్నారు, సెల్లులోంచి సెల్లులోకి బ్లూటూత్ చేసుకున్నారు. లెక్కల మాస్టారికి వాళ్ళ తమ్ముడు హైదరాబాదు నుంచి పంపాడు. మా ఆయన ఇన్నేళ్ళు కుర్చీలు మోసినా పొన్నూరు దాటి తెలియరు. ఒక్క చీర కట్టేసరికి హైదరాబాదు వెళ్ళి తిరిగొచ్చారు.

ఆకుపచ్చ పట్టుచీరకు మెరూన్ అంచు చాలామందికి ఉంటుంది.

సాయంత్రానికి ఆయనకూ ఎవరో చూపించారు. ఇంటికొచ్చి ఆ సెల్లు పట్టుకుని చాలాసేపు కూర్చున్నారు. "ఎవడు చేశాడో వాడి సంగతి చూస్తా" అన్నారు. ఇంకోసారి చూసి, "చీర కూడా ఏం చీర అది, ఎబ్బెట్టుగా ఉంది" అన్నారు.

ఈ పూట ఆయనకు మాడిన అన్నం వడ్డించాను.

8 జూలై

నౌషాద్ మనుషులు ఆ బొమ్మను జెరాక్సులు తీయించి మా పోస్టరు ఉన్న ప్రతి గోడ మీదా పక్కనే అంటించారు. ఏది ఎవరిదో పోల్చుకోవడం కష్టంగా ఉంది.

9 జూలై, బుధవారం

బజారులో తలెత్తుకోలేక సెలవు పెట్టి రేపల్లె ప్యాసింజరు ఎక్కాను. అమ్మ దగ్గర ఒక పూట ఉండి వద్దామని.

నా ఎదురు సీట్లో జంపని ఊరాయన ఒకరు, భట్టిప్రోలు వెళ్ళే పెద్దాయన ఒకరు. కాలేజీ అబ్బాయి ఒకడు వాళ్ళకు సెల్లు చూపించాడు. అదే బొమ్మ. ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వారు. నేను కిటికీలోంచి చేలు చూస్తూ కూర్చున్నాను. నవ్వు అయిపోయాక జంపని ఆయన, "నవ్వుతున్నాం గానీ బాబాయ్, మా ఊళ్ళోనూ ఇంతే గదా. సర్పంచి ఆవిడ. సంతకం ఆవిడది. కుర్చీ ఆయనది" అన్నాడు.

"ఆడోళ్ళ సీటు అన్నాక ఆడమనిషి కనబడాలి గదయ్యా" అన్నాడు పెద్దాయన. "మొన్నటిదాకా నాకూ తట్టలా. ఈ బొమ్మ చూశాక అనిపిస్తంది."

అక్కణ్ణించి వేమూరు వచ్చేదాకా పెట్టెలో అదే చర్చ. ఎవరి ఊళ్ళో ఎవరి భార్య పేరున ఎవరు పెత్తనం చేస్తున్నారో ఒక్కొక్కరే చెప్పుకొచ్చారు. ఎన్నో మీటింగుల్లో ఈ సంగతి మీద ఉపన్యాసాలు విన్నాను, చప్పట్లు కొట్టి ఇంటికెళ్ళేవాళ్ళం. మీసం మీద చీర కప్పేసరికి రైలంతా మాట్లాడింది.

ఇందులో అసలు తమాషా, వాళ్ళ మోకాళ్ళకు మోకాళ్ళు తగిలేంత దగ్గరగా అభ్యర్థి కూర్చుని ఉంది, ఒక్కరికీ తెలియదు. పెద్దాయన నన్నూ కలుపుకున్నాడు.

"నువ్వేమంటావమ్మాయ్? తప్పు ఎవరిదంటావు?"

"ఆవిడ ఒప్పుకోబట్టే గదండీ" అన్నాను.

"అదీ నిజమేలే" అన్నాడు. నేను చెప్పిన మాటకు నాకే మంట పుట్టింది. అమ్మ చేపల పులుసు పెట్టినా సరిగ్గా తినలేకపోయాను.

11 జూలై, శుక్రవారం

ఊరు మారిపోయింది. ఆయన ప్రచారానికి వెళ్తే కుళాయి దగ్గర ఆడవాళ్ళు "ఇవాళ చీర కట్టుకోలేదేం తమ్ముడూ?" అని అడుగుతున్నారట. అది సరదాకే. ఆ వెనకాలే "మీ ఆవిణ్ణి చూపించు, ఓటు మాట అప్పుడు చెబుతాం" అంటున్నారట. నౌషాద్‌కూ అదే పాట్లు. వాళ్ళ పోస్టరు మీద అతని ఫోటో తలుపంత, పర్వీన్ ఫోటో తపాలా బిళ్ళంత ఉంది. అతను అంటించిన జెరాక్సులు చూసి జనం అతని పోస్టరు దగ్గరికే వెళ్ళి "మరి నీదో?" అంటున్నారు.

ఆయనకు మాత్రం ఇదంతా కాలేషా పనేనని పట్టుకుంది. పోస్టరుకిచ్చిన తన ఫోటో వాడి కంప్యూటర్‌లోనే ఉంది, వాడు కాక ఇంకెవడు, అని. వెళ్ళి అడిగితే కాలేషా తల వంచుకుని "నాకు తెలీదన్నా" అన్నాడట. సోమవారం స్టేషన్‌లో కంప్లయింటు ఇస్తానంటున్నారు.

సారా ఫోన్ చేసింది. వాళ్ళ హాస్టల్లో కూడా ఆ బొమ్మ తిరుగుతోందట.

"ఎవరు చేసి ఉంటారే?" అన్నాను.

"ఎవరో బాగా చెయ్యి తిరిగినవాళ్ళమ్మా."

"నిజమే, మెడ దగ్గర అతుకు కూడా కనబడట్లేదు."

"థాంక్సమ్మా" అంది. అంతలోనే "అంటే, ఊరికే అన్నాలే" అని పెట్టేసింది.

సారాకు ఆ ఫోటోషాపులూ అవీ రావు. ఫస్టియర్లో అదేదో కంప్యూటర్ సబ్జెక్టు తప్పింది కూడా.

12 జూలై, శనివారం

సారాకు అవి రావు.

సాయంత్రం కాలేషా షాపు ముందునుంచి వెళ్తుంటే పిలిచాడు. పోలీసుల మాట ఎత్తుతాడేమో అనుకున్నాను. "పాప బాగా చదువుతోందా అక్కా?" అని మాత్రం అడిగాడు. బాగా చదువుతోందన్నాను. "చదవనీ అక్కా, తెలివైన పిల్ల" అని మళ్ళీ పనిలో పడ్డాడు. షాపులో జనం లేరు. మా ఆయన మాట విని పెళ్ళి ఫ్లెక్సీల వాళ్ళు పొన్నూరు పోతున్నారట.

రాయక తప్పదు. చేసింది సారాయే. ఆ చీర నాదే. ఆ గాజులు నావే. ఆ ఒళ్ళు నాదే. చూసిన మొదటి నిమిషం నుంచి తెలుసు నాకు. నా కూతురి కోసం ఒక మనిషి నోరు మూసుకుని కూర్చుంటే, నేను లోకంలో ఉన్న ఆకుపచ్చ చీరలన్నీ లెక్కబెడుతున్నాను.

13 జూలై, ఆదివారం

చర్చి నుంచి రాగానే బీరువా తీసి ఆ చీరే కట్టుకున్నాను. గాజులు వేసుకున్నాను. వంటింట్లోంచి కుక్కర్ తెచ్చి చంకన పెట్టుకుని ఆయన ముందు నిలబడ్డాను. ఆయన కంప్లయింటు రాసుకుంటున్నారు. తలెత్తి చూశారు, దించుకున్నారు, మళ్ళీ ఎత్తారు.

"ఇది... ఆ చీర."

"నాదే. మా అమ్మ పెట్టింది. మొన్న క్రిస్మస్‌కు కట్టుకుంటే ఫోటో తీసింది మీరే."

"అయితే మన ఆల్బం కాలేషాకి ఎట్లా..." అని ఆగిపోయారు. పెన్ను మూత పెట్టారు. "సారా" అన్నారు.

"అవును."

లేచి వెనక షెడ్డులోకి వెళ్ళిపోయారు. నేనూ వెళ్ళాను. మడిచిన షామియానాల మీద కూర్చుని ఉన్నారు. "నా కూతురే నన్ను చూసి ఊరంతా నవ్వేట్టు చేస్తదా" అన్నారు. పెద్ద మీసం పెట్టుకున్న మనిషి అలా కూర్చుంటే నాకు జాలేసింది. అయినా ఊరుకోలేదు.

"ఊరు ముందు మీ పోస్టరు చూసి నవ్వింది. అది చీర కట్టించిందంతే."

ఆయన షామియానా తాడు వేలికి చుట్టుకుంటున్నారు.

"ఆ పోస్టరు చూసిన రోజు నాకు బాధేసింది. చాలా బాధేసింది. నా మొహం ఎవరికీ తెలీదన్నారు. ఇరవై ఏళ్ళ పైబడి ఈ వార్డులోనే నీళ్ళు మోస్తున్నాను. మీ కుర్చీలు తెలుసు జనానికి, నేను తెలీదా? సంతకం నాది కావాలి, నేను వద్దు. ఇట్లా అయితే నేను గెలవను, గెలిచినా వెళ్ళను."

ఇంత మాట ఆయనతో అనగలనని నాకే తెలియదు. కుక్కర్ బరువుకు చెయ్యి లాగేస్తోంది, కింద పెట్టాను. మూత ఊడి దొర్లుకుంటూ వెళ్ళి ఆయన కాలికి తగిలింది. దాన్ని తీసి లుంగీతో తుడిచి నాకిచ్చారు.

"ఆ మీసమన్నా తీసేయాల్సింది అది" అన్నారు.

నాకు నవ్వు ఆగలేదు. ఆయనకూ ఆగలేదు. ఇద్దరం షామియానాల మీద కూర్చుని పిచ్చివాళ్ళలా నవ్వాం.

"కాలేషా దగ్గరికి వెళ్ళొస్తా" అన్నారు.

"నేనూ వస్తాను. నా ఫోటో ఇవ్వాలిగా."

"నీకు తెలిసి ఎందుకు చెప్పలేదురా?" అని ఆయన అడిగితే కాలేషా, "మా అమ్మాయైతే నువ్వు చెప్తావా అన్నా?" అన్నాడు. ఆయన అతని భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డారు. కాలేషా టీ తెప్పించాడు.

14 జూలై, సోమవారం

బడి అయ్యాక అదే చీరలో, అదే కుక్కర్‌తో ఇల్లిల్లూ తిరిగాను. గుమ్మాల్లోంచి "ఒరిజినల్ వచ్చింది, ఒరిజినల్ వచ్చింది" అని పిలుపులు. పిల్లలు వెనకాల ఊరేగింపు. ఒకామె నా చీర అంచు పట్టుకుని చూసి "నిజంగా ఇదే" అంది. ముఖద్వారం మాట ఎవరూ ఎత్తలేదు. నేను ఆరింటికి నీళ్ళు అన్నాను. అంతే, ఒక్కొక్క గుమ్మం దగ్గర అరగంట నిలబెట్టి వాళ్ళ కుళాయి గోడు చెప్పుకున్నారు. ఆయన నా వెనకాల కరపత్రాలు పంచారు. నవ్విన నాప చేనే పండుతుందంటారు. చూడాలి.

సారాకు ఫోన్ చేసి తిట్టాను. తిట్టడం అయ్యాక, బాగా చేశావే అన్నాను. ఏడ్చేసింది.

16 జూలై, బుధవారం

ఇవాళ నవ్వు రాలేదు. మా వైపు కుర్రాళ్ళే ఎవరో పర్వీన్ మొహం తీసి ఒక బొమ్మ చేశారు. ఎలాంటిదో రాయను. మధ్యాహ్నానికి అదీ ఊరంతా చేరింది.

బడి వదలగానే వాళ్ళింటికి వెళ్ళాను. పోటీలో ఉన్నవాళ్ళం, వెళ్ళకూడదట. పర్వీన్ వాకిట్లోనే కూర్చోబెట్టింది. కళ్ళు వాచి ఉన్నాయి.

"మీ ఆయన బొమ్మకి మా ఇంట్లోనూ అందరం నవ్వాం టీచరుగారూ. జెరాక్సులు చూసి నేనూ నవ్వాను. నా బొమ్మకి ఎవరూ నవ్వలా. మా అత్తగారు పొద్దుట్నుంచీ నా మొహం చూడలా."

మా ఆయనకు చీర కడితే ఊరికి సరదా. ఈ పిల్లకు అదే పని చేస్తే బతుకు మీదికి వచ్చింది. నా కూతురు ఇంట్లో పంతంతో మొదలుపెట్టిన సరదాను చూసే మా కుర్రాళ్ళు ఇది నేర్చారు. వదిలిన నవ్వు ఎటు తిరుగుతుందో వదిలినవాళ్ళ చేతుల్లో ఉండదు.

సాయంత్రం మీటింగులో ఆయన మాట్లాడబోతుంటే మైకు నేను తీసుకున్నాను. "పర్వీన్ బొమ్మ ఎవరి సెల్లులో ఉన్నా ఇప్పుడే తీసేయండి. తీయనివాళ్ళ ఓటు నాకొద్దు" అన్నాను. "అంత మాటెందుకే, అన్ని ఓట్లూ కావాలి మనకి" అని ఆయన పక్కన గొణిగారు. అది కూడా మైకులో వినబడింది. జనం నవ్వారు. కానీ ముందు వరసలో ఇద్దరు ముగ్గురు కుర్రాళ్ళు జేబుల్లోంచి సెల్లులు తీయడం చూశాను.

సారా ఆర్కుట్ గుంపు వాళ్ళను బతిమాలి ఆ బొమ్మ తీయించింది. "అక్కడ తీశారమ్మా, కానీ సెల్లుల్లోకి వెళ్ళిపోయింది ఇంక తిరిగి రాదు" అంది. దాని గొంతులో భయం విన్నాను. మంచిదే.

19 జూలై, శనివారం

పోలింగు. బూత్ బయట పర్వీన్ ఎదురైంది. పక్కన వాళ్ళ అత్తగారు కూడా ఉన్నారు, పర్వీన్ చెయ్యి పట్టుకుని. ప్రాణం లేచొచ్చింది.

21 జూలై, సోమవారం

గెలిచాను. పెద్ద మెజారిటీ కాదు గానీ గెలుపు గెలుపే. ఆయన బ్యాండు మేళం పెట్టించారు. దండ నా మెడలో వేశారు, తనకని తెచ్చుకున్న దండ ఏం చేయాలో తెలియక కుక్కర్‌కు వేశారు. దాన్ని కూడా ఎవరో ఫోటో తీశారు.

నౌషాద్ వచ్చి చెయ్యి కలిపాడు. పర్వీన్ పాపతో స్వీటు పంపింది.

31 జూలై, గురువారం

మొదటి కౌన్సిల్ మీటింగు. టైము తెలియక చాలా ముందుగా వెళ్ళి కూర్చున్నాను. పక్క సీట్లో బసవమ్మగారు, మా పక్క వార్డే. మూడేళ్ళ బట్టి కౌన్సిలరు. "ఏం మాట్లాడాలండి ఇక్కడ?" అని అడిగితే, "మనమేం మాట్లాడతాం అమ్మాయ్, ఫ్యాను గాలి బాగుంటది, కూర్చో" అంది. ఆడ కౌన్సిలర్ల వెనక వరసలో వాళ్ళ వాళ్ళ భర్తలు కూర్చున్నారు. వార్డు నంబరు పిలవగానే భర్త లేచి మాట్లాడతాడు, భార్య ముందు కూర్చుని ఉంటుంది. ఎప్పటినుంచో అలవాటట, ఎవరికీ తప్పుగా తోచదు. మా ఆయన కూడా వచ్చారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ వచ్చారు. రావద్దని చెప్పలేకపోయాను.

మా వార్డు పిలిచారు. నేను లేచాను. వెనక కుర్చీ కిర్రుమన్న చప్పుడు కూడా వినబడింది, ఆయనా లేచారు. ఇన్ని వీధులు తిరిగి, ఇంత నవ్వించి, ఇంత ఏడ్చి, చివరికి ఇంతేనా అనుకున్నాను. ఛైర్మన్‌గారు నన్ను దాటి చూసి, "చెప్పండి పౌలుగారూ" అన్నారు.

ఆయన గొంతు సవరించుకున్నారు. అంతా అటే చూస్తున్నారు.

"నేను కాదండి. కుర్చీలు వెయ్యడమే నా పని. కూర్చునేది ఆవిడండి" అన్నారు. అని, కూర్చోకుండా నడుచుకుంటూ బయటికి వెళ్ళిపోయారు.

ఒక్క నిమిషం నాకు ఏమీ కనబడలేదు. కళ్ళు తుడుచుకుని నీళ్ళ సంగతి చెప్పాను. ఇంజినీరుగారు మోటార్లన్నారు, ట్యాంకు నిండాలన్నారు, సిబ్బంది డ్యూటీలన్నారు. పదకొండింటికి నిండే ట్యాంకు రాత్రే నింపుకుంటే ఆరింటికి ఎందుకు వదలలేరని అడిగాను. మూడో తరగతి పిల్లల్ని అడిగినట్టే అడిగాను, అలవాటు మీద. సభలో కొంతమంది నవ్వారు, ఇంజినీరుగారు కూడా.

తర్వాత బసవమ్మగారి వార్డు పిలిచారు. వెనక వాళ్ళాయన లేచి "అధ్యక్షా" అన్నారు. బసవమ్మగారు వెనక్కి తిరిగి ఆయన చొక్కా పట్టుకుని కిందికి లాగింది.

"మీరు కూర్చోండి" అంది. ఆయన కూర్చున్నారు. బసవమ్మగారు లేచి నిలబడి, కొంగు సర్దుకుని, "మా వార్డుకీ ఆరింటికే కావాలండి నీళ్ళు" అంది. మూడేళ్ళలో ఆవిడ గొంతు అక్కడ వినబడటం అదే మొదటిసారట. రెండు వార్డులకూ వచ్చే వారం నుంచి మార్చి చూస్తామన్నారు.

బయటికి వస్తే ఆయన మెట్ల మీద కూర్చుని పల్లీలు తింటున్నారు. పొట్లం నా వైపు చాపారు.

6 ఆగస్టు, బుధవారం

ఈరోజు నుంచి ఆరింటికి. నిన్నంతా కాలవ పూడిక తీయించడానికి వార్డు తిరిగి తిరిగి వచ్చానేమో, తెల్లవారినా మెలకువ రాలేదు. ఉలిక్కిపడి లేచేసరికి వెలుగు వచ్చేసింది. నేనే అడిగి తెప్పించుకున్న నీళ్ళు నేనే పట్టుకోలేదే అని పరిగెత్తుకుంటూ వంటింట్లోకి వెళ్ళాను.

బిందెలన్నీ నిండి ఉన్నాయి. ఆయన లుంగీ మోకాళ్ళదాకా తడిసి ఉంది. గోడకు ఆనుకుని నడుం పట్టుకుని నిలబడ్డారు.

"ఇంత బరువుంటయ్యా ఇవి?" అన్నారు.

అవునన్నాను. రేపు నన్ను తప్పకుండా లేపమన్నాను.

"ఎందుకు, పడుకో" అన్నారు.